పూర్తి కాని మేడగదులు

ఆర్డిస్ కారు దిగేసరికి మిర్నా పెరట్లో తీగ మీది దుప్పట్లు తీస్తోంది. పడమటి గాలి విసురుగా కొడుతోంది. ఆమె ఒక దుప్పటి సగం తీసేలోగా మిగతా సగం ఎగిరొచ్చి మొహానికి చుట్టుకుంది. ఆర్డిస్ తన రాత అట్టనీ కొలత టేపునీ గడ్డిలో పెట్టి, వెళ్ళి రెండో చివర పట్టుకుంది.

"ఎవరది, వెర్లినా? ఇవాళ పొద్దు ఎటు పొడిచిందో!" అంది మిర్నా దుప్పటి లోపల్నుంచి.

"వెర్లిన్ కాదు, కౌంటీ."

మిర్నా దుప్పటి పక్కకి లాక్కుని చూసి నవ్వింది. "అమ్మో! కౌంటీవాళ్ళు దుప్పట్లు కూడా మడతపెడతారా? అయితే ఇన్నాళ్ళూ కట్టిన పన్ను దండగ కాలేదన్నమాట."

ఇద్దరూ దుప్పటిని బిగలాగి, మధ్యకి మడిచి, ఎదురెదురుగా నడిచి అంచులు కలిపారు. మళ్ళీ వెనక్కి జరిగారు. ఆర్డిస్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు చర్చిలో ఆదివారం బడికి వెళ్తే పాటలు నేర్పింది మిర్నాయే. అప్పటి పొడుగాటి మనిషి ఇప్పుడు కాస్త వంగింది. మోకాళ్ళు పట్టేయడంతో అడుగు ఆచి తూచి వేస్తోంది.

కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, ఉన్న ప్రతి ఇంటినీ అయిదేళ్ళకోసారి పన్నుల ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి కళ్ళారా చూసి విలువ కట్టాలి. ఆ విలువ మీదే ఇంటిపన్ను పడుతుంది. ఈ వైపు గ్రామాలన్నీ ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఆర్డిస్‌వే. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో కాఫీ పలచగా ఉంటుందో ఆమెకు తెలుసు. వచ్చే చలికాలానికి ఆమె ఉద్యోగం మానేస్తోంది. అంటే ఈ ఇంటికి ఆమె రావడం ఇదే ఆఖరు.

"ఇన్ని దుప్పట్లు ఉతికావేం? చుట్టాలొస్తున్నారా?"

"అదే ఇంకా తేలలేదు." మిర్నా మడత మీద అరచేత్తో రాసింది. "ఆల్వినా వస్తానంటోంది. ఉండిపోవడానికి."

ఆల్వినా మిర్నా చెల్లెలు. మార్చిలో ఆమె భర్త పోయాడు. పిల్లల్లేరు. వాళ్ళుంటున్న అద్దె ఇంటిని యజమాని అమ్మేశాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

"మాకున్నది కింద ఒక్క పడగ్గది. మేడ మీద గదులైతే ఉన్నాయి, కానీ నీకు తెలుసుగా. నువ్వు మెట్లెక్కగలవుటే అని అడిగాను. మెట్లు ఎక్కుతానక్కా, ఎదురుగా మనిషి లేకపోతే ముద్ద దిగడం లేదు అంది." మిర్నా దుప్పటిని బుట్టలో పెట్టింది. "ఆదివారానికి ఏదో ఒకటి చెప్పాలి దానికి. ఆయన కుదరదంటే కుదరదంటున్నాడు."

"ఎందుకుట?"

"ఇంకెందుకు? నీ వల్లే!" అంటూ మిర్నా మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు ఇందాకటిలా లేదు.

అంతలో షెడ్డులోంచి మిర్నా భర్త వెర్లిన్ వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే దూరం నుంచి కేకేశాడు. "దుప్పట్లు దాచెయ్ మిర్నా! చూసిందంటే వాటికీ విలువ కట్టేస్తుంది!"

"చిల్లులున్నవాటికి తగ్గింపు ఇస్తాంలే," అంది ఆర్డిస్.

"తగ్గింపా! కౌంటీ నోట ఆ మాట వినడానికే నేనింకా బతికున్నాను."

వెర్లిన్ ఏళ్ళ తరబడి పాలలారీ నడిపాడు. ఇప్పుడు ఎవరికైనా కంకర కావాలంటే తన పాత ట్రక్కులో తోలిపెడతాడు. మాట లేకుండా క్షణం ఉండలేడు. ఆర్డిస్ ఇంటి చుట్టూ కొలుస్తుంటే టేపు రెండో చివర తనే పట్టుకుని, మూల మూలకీ ఒక కబురు చెప్పాడు. కోళ్ళ గూడు ఎక్కడిదక్కడే ఉంది. షెడ్డు ఇంకొంచెం ఒరిగింది. కొత్తగా కట్టింది ఏమీ లేదు.

"ఈసారీ నీకేమీ దొరకలేదు, పాపం," అన్నాడు.

"దొరకాలని నాకేం మొక్కు లేదు, వెర్లిన్."

"పద, మేడ చూద్దువుగాని."

ఎప్పుడొచ్చినా ఆ మాట అతనే ముందు అంటాడు. మెట్లకి చేపట్టు లేదు. ఆర్డిస్ గోడ పట్టుకుని ఎక్కింది. పైన రెండు గదులకు సరిపడా చోటుంది. గోడలుండాల్సిన చోట ఉత్త చెక్క నిట్రాళ్ళు. వాటి మధ్య చలి ఆగడానికి కుక్కిన దూది పసుపుపచ్చ నుంచి గోధుమరంగులోకి తిరిగింది. గోడలకు కొట్టాల్సిన పలకలు ఎప్పుడో కొనితెచ్చినవి, ఆనించిన చోటనే ఉండి ఉండి నడుములు వంగిపోయాయి. ఒకే ఒక్క కిటికీ. అందులోంచి చూస్తే రెల్లు పెరిగిన మడుగూ, దాని మీద బాతులూ కనిపిస్తాయి. ఇంటి మొత్తం మీద చూడముచ్చటైన కిటికీ అదే.

వెర్లిన్ ఒక నిట్రాడి మీద అరచేత్తో చరిచాడు. సంతలో కోడెదూడని చూపించేవాడి ఠీవి అతని మొహంలో ఉంది.

"పూర్తి కాలేదు. రాసుకో."

ఆర్డిస్ రాసుకుంది.

ఆ చుట్టుపక్కల ఏదో ఒకటి పూర్తి కాని ఇల్లంటూ లేదు. సోర్బీవాళ్ళ వరండాకి కటకటాలు లేవు. మడుగు రోడ్డులో ఒక ఇంటికి మూడు వైపులా చక్కటి తెల్ల చెక్కలు కొట్టి, ఉత్తరపు గోడని తారుకాగితంతో వదిలేశారు. కొందరు తలుపులకు రంగు వెయ్యరు. ఇల్లు పూర్తయితే కౌంటీ పన్ను రెట్టింపు చేస్తుందని అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం పామర్ ఎంగెన్‌తో మొదలైంది. అతను ఒక ఏడు శీతాకాలానికి ముందు మేడ మీద గదులు పూర్తిచేసి, గోడలకి పూల కాగితం కూడా అంటించాడు. మరుసటి వసంతంలో వచ్చిన పన్ను కాగితం చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ధాన్యం కొట్టు దగ్గరా, చర్చి భోజనాల దగ్గరా, కనిపించిన ప్రతివాడికీ విప్పి చూపించాడు. అది చూశాక ఎవరూ మేడ ముట్టుకోలేదు.

నిజానికి అంతకు ముందటి ఏడే ఊరివాళ్ళంతా ఓటు వేసి కొత్త బడి కట్టుకున్నారు. ఆ బడి ఖర్చు ఇళ్ళ మీదే పడింది. అందరి పన్నూ పెరిగింది. పామర్‌కి మేడ వల్ల పెరిగింది అందులో పిసరంత. అది ఎవరికీ పట్టలేదు. బడి కంటే మేడ కథే చెప్పుకోవడానికి బాగుంది.

అప్పుడు ఆర్డిస్ ఆఫీసుకి కొత్త. "మనం వెళ్ళి చెబుదామా, సార్?" అని పై అధికారి రూడ్‌ని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మాయ్, మనం విలువ కడతాం. అంతే. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నువ్వొక అంకె చెప్పావనుకో, సాయంత్రానికి ధాన్యం కొట్టు దగ్గర అది ఇంకో అంకె అవుతుంది. ఏప్రిల్ మీటింగుకి వేరే అంకె అయి కూర్చుంటుంది. అప్పుడు అది తెచ్చి నీ మొహాన కొడతారు. కాగితం పోస్టులో వెళ్తుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు మీటింగుకి వస్తారు. నువ్వు కాఫీ తాగు, కేకు బాగుందను, లేచి వచ్చెయ్."

చెడ్డ సలహా కాదది. ఆ సలహా పట్టుకునే ఆర్డిస్ ఇన్నాళ్ళూ మాట పడకుండా నెట్టుకొచ్చింది. సొంత అన్న ఇంటికీ, కిట్టనివాడి ఇంటికీ ఒకే టేపు పట్టింది. ఎవరి బల్ల దగ్గరా నోరు జారలేదు. లోలోపల ఆమెకు దాని గురించి గర్వంగా కూడా ఉండేది.

కిందికి వచ్చేసరికి మిర్నా బల్ల మీద కాఫీ పెట్టి, రూబార్బు కాడలతో చేసిన కేకు ముక్కలు కోస్తోంది. ముగ్గురూ కూర్చున్నారు. మిర్నా తన కప్పు ముట్టుకోలేదు.

"ఆర్డిస్, ఒక మాట అడుగుతాను. సూటిగా చెప్పాలి. ఆ మేడ పూర్తిచేస్తే మాకెంత పెరుగుతుంది?"

"అడక్కే!" వెర్లిన్ చెంచాతో బల్ల మీద కొట్టాడు. "అడిగావంటే మన ఇల్లు గుర్తుపెట్టుకుని మరీ పెంచుతారు."

"నువ్వుండు. అడిగింది నిన్ను కాదు."

"పామర్‌కేమైందో మరిచిపోయావా?"

"పామర్ ఎలాగూ పోయాడు. పూల కాగితం గోడల మధ్య, వెచ్చటి గదిలో పోయాడు. నేనడిగేది ఆల్వినా సంగతి."

ఆర్డిస్ గొంతు సవరించుకుంది. "కాగితం పోస్టులో..." అని మొదలుపెట్టింది. ఆ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది.

"కాగితం వస్తుందని నాకూ తెలుసు," అంది మిర్నా. ఆమె గొంతు పెరగలేదు. "అది వచ్చేది వచ్చే ఏడు. మా చెల్లెలు సామాను సర్దుకోవాల్సింది ఈ నెలాఖరుకి. నీకు తెలిస్తే చెప్పు. తెలీదంటావా, తెలీదనే చెప్పు."

తెలీదని చెప్పడం ఆర్డిస్‌కి చేతకాలేదు. కాఫీ కప్పులోకి చూసింది. ఈ బల్ల ముందు ఇలా కూర్చోవడం ఇంక ఉండదన్న ఆలోచన కూడా ఆమెకు ధైర్యం ఇచ్చి ఉంటుంది.

"నీ ట్రక్కుకి టైరు కొంటావు చూడు, వెర్లిన్," అంది. "ఏడాదికి అలాంటిది ఒక్క టైరు ఖరీదు. అంతకు మించదు."

వెర్లిన్ పకపకా నవ్వాడు. నవ్వుతూ మిర్నా వైపు చూశాడు, మళ్ళీ ఆర్డిస్ వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు.

"పరాచికాలాడకు."

"నిజమే చెబుతున్నాను."

"మరి పామర్?"

"పామర్‌కి పెరిగింది బడి వల్ల. ఆ ఏడు మీకు పెరగలేదూ? అందరికీ పెరిగింది. బడి కావాలని నువ్వూ ఓటేశావు."

"వేశాను." వెర్లిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "బడి బాగానే కట్టారు," అన్నాడు కాసేపాగి. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఆర్డిస్‌కి కాసేపు మనసు తేలికపడినట్టయింది. ఎంత తేలికో! రెండు ముక్కల మాట. ఇంక ఆల్వినా వస్తుంది. కొత్త పలకలు తెస్తారు, గోడలు లేస్తాయి, మెట్లకి చేపట్టు పెడతారు. ఎప్పుడో చెప్పి ఉండాల్సింది అనుకుంది. అనుకుంటూ తలెత్తి మిర్నా మొహం చూసింది.

మిర్నా ఆల్వినా గురించి ఆలోచించడం లేదు. కిటికీ పక్కనున్న కుర్చీని చూస్తోంది.

"అప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడు?"

"అమ్మ ఉన్నప్పుడు."

ఆర్డిస్ ఒంట్లోంచి తేలికంతా దిగిపోయింది.

"ఆ ఏడు నువ్వొచ్చావు," అంది మిర్నా. "ఎండాకాలం. అమ్మ ఆ కుర్చీలో కూర్చుని ఉంది."

ఆర్డిస్‌కి గుర్తుంది. మిర్నా తల్లి సిగ్నే అప్పుడు కూతుర్ని చూడ్డానికి వచ్చింది. పైకి చూడ్డానికనే చెప్పారు గానీ, వెంట తెచ్చిన పెట్టె చూస్తే ఉండిపోదామనే వచ్చిందని ఎవరికైనా తెలుస్తుంది. పెట్టెని గదిలోకి తీసుకెళ్ళకుండా కుర్చీ పక్కనే ఉంచుకుంది. కాఫీ పోస్తుంటే వెర్లిన్ ఎప్పటిలాగే హాస్యమాడాడు. "నాదేముంది అత్తయ్యా, కౌంటీ ఒప్పుకుంటే ఇవాళే మీకు మేడ మీద గది కట్టేస్తాను. ఇదిగో, కౌంటీ ఇక్కడే కూర్చుని కేకు తింటోంది. అడగండి." ముసలావిడ ఆర్డిస్ వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు లేతనీలం. "ఏమంటావు తల్లీ?" అని అడిగింది. ఆర్డిస్ నోట్లో కేకు ఉంది. అది మింగి, "కాగితం పోస్టులో వస్తుందమ్మా," అంది. అందరూ నవ్వారు. సిగ్నే కూడా నవ్వింది.

అక్టోబరులో ఆవిడని కౌంటీ ఆఫీసున్న ఊళ్ళో వృద్ధుల ఆశ్రమంలో చేర్పించారు. ఆశ్రమం సరిగ్గా ఆర్డిస్ ఆఫీసుకి ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే కారు దిగి మంచులో నడుస్తుంటే కిటికీ అద్దం వెనక ఆవిడ కనిపించేది. ఆ తర్వాతి శీతాకాలంలో కనిపించడం మానేసింది.

"అప్పుడు ఇంకా తక్కువ ఉండేది," అంది ఆర్డిస్. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. ఆమెకు అదీ చేతకాలేదు.

"తక్కువ," అంది మిర్నా.

"మిర్నా, వెర్లిన్ వేళాకోళానికి అంటున్నాడనుకున్నాను. డబ్బు కూడాక కట్టుకుంటారులే అనుకున్నాను. మీరు నిజంగా నాకూ, కౌంటీకీ భయపడి ఆగారని..."

"నువ్వు రోజూ చెయ్యి ఊపేదానివట కదూ."

ఆర్డిస్ కప్పు బల్ల మీద పెట్టింది.

"అమ్మ చెప్పేది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా చెప్పేది. ఆ కౌంటీ అమ్మాయి మంచిదే, ఎంత చలిగా ఉన్నా ఆగి చెయ్యి ఊపి వెళ్తుంది అని." మిర్నా మాటల్లో కోపం లేదు. ఉంటే ఆర్డిస్ తట్టుకునేది. ఏప్రిల్ మీటింగుల్లో ఎన్ని కోపాలు చూడలేదు! "నిన్ను ఏమన్నా ఒక మాట అంటే ఊరుకునేది కాదు."

వెర్లిన్ టోపీని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. "నేనేమన్నా కావాలని చేశానా?" అన్నాడు. "ఎవరూ కట్టడం లేదు. సోర్బీ కట్టాడా? అందరూ ఏమనుకున్నారో నేనూ అదే అనుకున్నాను. ఆఫీసుకెళ్ళి అడిగితే పోయేది. అడిగితే వాళ్ళకి దారి చూపించినట్టవుతుందని..." మాట సగంలో ఆపి ఆర్డిస్ వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని. ఆమె కూడా అతనివైపు అలాగే చూస్తోంది.

"ఇంకా ఉన్నాయా ఆర్డిస్, మాలాంటి ఇళ్ళు?" అడిగింది మిర్నా.

సోర్బీవాళ్ళ వరండా మీంచి పిల్లవాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి ఆర్డిస్‌కి గుర్తొచ్చింది. ఉత్తరపు గోడకి తారుకాగితమున్న ఇంట్లో చంటిపిల్లకి చలికాలమంతా దగ్గే. ఆ ఇళ్ళన్నిట్లోనూ ఆమె కాఫీ తాగింది. అన్ని బల్లల దగ్గరా కేకు బాగుందని చెప్పింది.

"చాలా ఉన్నాయి," అంది.

మిర్నా తలూపింది. లేచి, తన కప్పులో చల్లారిన కాఫీని తొట్టిలో పారబోసింది. చేతులు కడుక్కుని, ఒక్కో వేలూ తుడుచుకుంది. గోడకున్న ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పింది. అటువైపు ఎత్తేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"ఆల్వినా? నేనే. ఏడుస్తున్నావా? జలుబా? సరేలే. పెట్టె సర్దుకో. ఆదివారం కాదు, ఇవాళే. నేనొస్తున్నా." కాసేపు వింది. "గది సంగతి నీకెందుకు? నువ్వు నాతో కింద పడుకుంటావు. ఆయన మేడ మీద పడుకుంటాడు, గోడలు లేచేదాకా. చలా? కప్పుకోవడానికి దుప్పట్లున్నాయి. లేదు, నేను బాగానే ఉన్నాను. వచ్చాక చెబుతాను. చాలా చెప్పాలి."

ఫోను పెట్టేసింది. తలుపు వెనక కొక్కానికి ఉన్న ఊలు కోటు తీసి వేసుకుని, గుండీలు కింది నుంచి పైదాకా పెట్టుకుంది. కారు తాళాలు గిన్నెలోంచి తీసుకుంది.

"నే తోలుకెళ్తానుండు," వెర్లిన్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఆ మోకాళ్ళతో అంత దూరం... మిర్నా?"

ఆర్డిస్ కూడా లేచింది. ఏదో అనాలి. క్షమించమనడం ఒకటి మిగిలింది. ఇంత జరిగాక ఆ మాట అనడానికి కూడా ఆమెకు సిగ్గుగా ఉంది. అయినా నోరు తెరిచింది.

మిర్నా ఆ ఇద్దరి మధ్యనుంచి నడిచి, కిటికీ పక్క కుర్చీని ఒక్కసారి చేత్తో తాకింది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.